తుప్పు వదలని బండి

యుద్ధకాలంలో బొగ్గు గ్యాసుతో నడిచిన మా సరుకుల వ్యాను జగ్గయ్యపేటలో మా కొట్టు వెనక తుప్పు పట్టిపోయింది. రజాకార్ల గొడవలు మొదలయ్యాక నాన్న ధ్యాస దాని మీదికి మళ్లింది. అక్క అత్తవారి ఊరు సరిహద్దుకు అవతల, నైజాంలో ఉంది. ఏ క్షణాన వెళ్లి తీసుకురావాల్సి వస్తుందో. కానీ బండి నడుస్తుందని తెలిస్తే ఎవరో ఒకరు పట్టుకుపోతారు.

నందిగామ మెకానిక్ చూసి, "పెట్రోలుకు మార్చేస్తే నడుస్తుందండి. రంగు కూడా వేసేదా?" అన్నాడు.

"ఇంజను చూడు చాలు. తుప్పు ముట్టుకోకు," అన్నారు నాన్న.

బండి తయారయ్యాక అమ్మ ఆనవాయితీగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయింది.

"నలిగినవి కనిపిస్తే బండి కదిలిందని వీధంతా తెలిసిపోద్ది," అన్నారు నాన్న.

అమ్మ వాటిని కొంగున ముడేసుకుంది. ఎండినప్పుడల్లా కొత్తవి ముడేసుకునేది.