లేని పుస్తకం కోసం నాలుగు ఆదివారాలు

షార్జాలో తెలుగు పుస్తకాలు కూడా ఉండే ఒక లైబ్రరీలో మీరా హుస్సేన్ పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. కోవూరు నుంచి వచ్చి, మొదట పుస్తకాల దుమ్ము దులిపే పనిలో చేరి, మెల్లగా కౌంటర్ దగ్గర కూర్చునేదాకా ఎదిగిన మనిషి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో కంప్యూటర్ చూడకుండా చెప్తాడని అతనికి పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

2024లో లైబ్రరీలో ఏఐ పెట్టారు. పుస్తకాల పరిచయాలు రాయడానికీ, పాఠకులు అడిగిన విషయం మీద జాబితాలు తయారు చేయడానికీ వాడుకోమని మేనేజర్ కల్పన అందరికీ నేర్పింది.

"అది చెప్పిన ప్రతి పుస్తకం మన కేటలాగులో ఉందో లేదో చూసుకోండి. చూడకుండా ఎవరికీ ఇవ్వొద్దు," అని రెండుసార్లు చెప్పింది. మీరా హుస్సేన్ తలూపాడు.

ఆ తర్వాత ఒక ఆదివారం పర్శరాములు వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, సజ్జాలో కార్మికుల క్యాంపులో ఉంటాడు, పైపుల పనిలో హెల్పర్. పదకొండేళ్లయినా హెల్పరే. నెలలోపు కంపెనీ పరీక్ష పెడుతోందనీ, గట్టెక్కితే ప్లంబర్‌ను చేస్తారనీ చెప్పాడు.

"ఏడో తరగతి దాంక సదివిన. పైపుల పని బుక్కు తెలుగుల ఉంటదా, భాయ్‌సాబ్?"

అలాంటి పుస్తకం చూసిన గుర్తు మీరా హుస్సేన్‌కు లేదు. లేదని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. ఏఐని అడిగాడు. క్షణంలో పుస్తకం పేరు, రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం, పేజీల సంఖ్యతో సహా వచ్చాయి. కౌంటర్ ముందు జనం నిలబడి ఉన్నారు. కేటలాగు తెరవకుండానే ఆ కాగితం ప్రింటు తీసి, లైబ్రరీ ముద్ర వేసి ఇచ్చేశాడు. పర్శరాములు బీరువాలన్నీ వెతికి వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"ఎవురో తీసుకెళ్లుండారు. వచ్చే ఆదివారం రాండి," అన్నాడు మీరా హుస్సేన్.

సాయంత్రం కేటలాగు చూశాడు. లేదు. హైదరాబాదులో తెలిసిన పుస్తకాల షాపులకు ఫోన్ చేశాడు. ఆ పుస్తకం గురించి గానీ, ఆ రచయిత గురించి గానీ ఎవరూ వినలేదు. అప్పటికి అర్థమైంది, ఏఐ ఉన్నదాన్ని వెతకలేదు, లేనిదాన్ని అల్లింది.

అక్కడితో ఆగి ఉంటే చిన్న తప్పే అయ్యేది. రెండో ఆదివారం పర్శరాములు రాగానే, "ఇంకా తిరిగి రాలేదబ్బా," అన్నాడు. ఈసారి తెలిసే ఆడిన అబద్ధం. మూడో ఆదివారం పర్శరాములు కొత్త నోటుబుక్కు పట్టుకొచ్చాడు.

"ఇంటికి ఇయ్యకున్నా మంచిదే. ఈడనే కూసోని రాసుకుంట."

మీరా హుస్సేన్ "ఈ వారమూ రాలేదబ్బా" అని, ఆ నోటుబుక్కు వైపు చూడలేక, ఏదో పని ఉన్నట్టు బీరువాల మధ్యకు వెళ్లిపోయాడు.

నాలుగో ఆదివారానికి పరీక్ష అయిపోయింది. "ఫెయిలైన, భాయ్‌సాబ్. పని చేసుడు అస్తది గని, కొలతలు అడిగితే చెప్పరాలె. ఆర్నెల్లకు మల్ల పెడ్తరట. ఆ బుక్కు అచ్చిందా?"

మీరా హుస్సేన్ అతన్ని పక్కకు తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాడు. "ఆ పుస్తకం లేదు. ఎక్కడా లేదు. మిషన్ అల్లి చెప్పింది, నేను చూసుకోకుండా ఇచ్చినా. మొదటి రోజే తెలిసింది నాకు. చెప్పేదానికి సిగ్గేసి అబద్ధాలాడినా."

పర్శరాములు తిట్టలేదు. "గా పొద్దే లేదంటే మా రూముల మంగరాజును అడుగుదును. ఆయన ప్లంబరే. బుక్కస్తదని ఊకున్న."

తిట్టినా బాగుండేదనిపించింది మీరా హుస్సేన్‌కు.

మర్నాడు కల్పన దగ్గరికెళ్లి జరిగిందంతా ఒప్పుకున్నాడు. ఆమె అంతా విని, "మన దగ్గర ఇంగ్లీషులో పైపుల పని పుస్తకం ఉంది కదా. ఆ ఏఐతోనే తెలుగు చేసి చెప్పండి. ఈసారి పక్కన పని తెలిసినవాడు ఉండాలి," అంది.

అలా ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. మంగరాజు కూడా వచ్చేవాడు. పేజీ ఫోటో తీస్తే ఏఐ తెలుగులోకి మార్చేది, మీరా హుస్సేన్ చదివేవాడు. ఒకచోట 'మోచేయి బిగించాలి' అని వచ్చింది.

"మోచెయ్యి ఏంది? అది ఎల్బో, పైపు మలుపుకు పెట్టే ముక్క," అన్నాడు పర్శరాములు. మంగరాజు నవ్వాడు. మీరా హుస్సేన్ నవ్వకుండా ఆ మాట కొట్టేసి దిద్దుకున్నాడు. అంకెలు మాత్రం ఇంగ్లీషు పేజీలో మళ్లీ సరిచూడందే రాయనిచ్చేవాడు కాదు.

ఆరు నెలలకు పర్శరాములు పరీక్ష గట్టెక్కాడు. ఫోన్ చేసి చెప్పి, అబుదాబి సైటుకు వెళ్లిపోయాడు.

తర్వాత కొత్తగా చేరినవాళ్లకు ఏఐ గురించి చెప్పమని కల్పన మీరా హుస్సేన్‌నే నిలబెట్టింది. మొదటిసారి అతను పుస్తకాన్ని తెలుగు చేసిన కథ ఒక్కటే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక కూర్చున్న కల్పన మాత్రం కొట్టలేదు. ఆ చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా తను దాచిన అబద్ధాలే గుర్తొచ్చేవి అతనికి.

రెండోసారి ఆ మూడు ఆదివారాల అబద్ధాల దగ్గర్నుంచే మొదలుపెట్టాడు. చెప్తున్నంతసేపూ ఎవరి మొహమూ చూడలేకపోయాడు.