మోగే చక్రాలు స్టోరులోనే

2004 వేసవిలో నన్ను కొత్తగూడెంలోని ఒక ప్రభుత్వ శాఖ గ్యారేజీకి ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. చేరగానే ఇంజనీరు గారు అప్పగించిన మొదటి పని పాత కారు చక్రాల గుట్ట తీయించడం. ఏళ్ల తరబడి పడేసిన చక్రాలు సగం షెడ్డును ఆక్రమించాయి. బండి లోపలికి తేవాలంటే దారి లేదు. "ఇంకో వరస పేరిస్తే ఈడికెళ్లే భద్రాచలం గోపురం కనబడుతది సార్" అని మెకానిక్ యాదగిరి నవ్వేవాడు.

చక్రం ఏ బండిదో చెప్పడం కష్టం కాదు. రిమ్ము వ్యాసం, బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం కొలిస్తే తెలిసిపోతుంది. పనికొస్తుందా లేదా అన్నది వేరే సంగతి. తుప్పు కింద సన్నని పగులు కంటికి ఆనదు. అందుకే టైరు ఊడదీసి, రిమ్మును గొలుసుకు వేలాడదీసి సుత్తితో కొట్టేవాళ్లం. ఖంగుమంటే మంచిది, తెల్ల రంగు పూసి స్టోరుకు. బొంగురుగా పలికితే పగిలింది, ఎర్ర రంగు పూసి తుక్కు వేలానికి.

ఆ చప్పుడు విని ముత్తయ్య గేటులోంచి వచ్చాడు. ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక పల్లెకు ఆయన పెద్ద. వాళ్ల పశువులు వాగు అవతల మేస్తాయి. ఎగువన వాన పడి వాగు పెరగడం మొదలైతే, ఊళ్లో వేలాడదీసిన ఇనుప ముక్కను కొట్టి కాపరులను వెనక్కి పిలవడం వాళ్ల పద్ధతి. ఆ ముక్కను ఎవరో ఎత్తుకుపోయారట. "గిట్ల మోగేది ఒక్కటియ్యుండ్రి సారూ, వానలు దగ్గరకొచ్చినయ్" అని అడిగాడు.

ఇంజనీరు గారికి చెప్పాను. తుక్కులోంచి ఒకటి ఇవ్వడానికి అభ్యంతరం లేదన్నారు. తెల్ల రంగువి మాత్రం సర్కారు బండ్లకు పనికొచ్చేవి కనుక గేటు దాటరాదన్నారు. పగిలింది మోగదని, ముత్తయ్యకు కావలసింది ఆ మోతేనని మళ్లీ వివరించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

ఎర్ర రంగు రిమ్ముల్లో కాస్త మెరుగ్గా పలికేదాన్ని ఏరి ఇచ్చాం. ముత్తయ్య కొట్టి చూశాడు. "లేనిదానికన్నా నయమే తియ్యి" అని భుజానికెత్తుకుని వెళ్లాడు.

వానాకాలంలో కొత్తగూడెం వచ్చినప్పుడు ఆయనే చెప్పాడు. వాగు పొంగిన రోజు చేతులు నొప్పెట్టేదాకా కొట్టారట. వాన హోరులో అవతలికి వినబడలేదు. కాపరి చెట్టెక్కి బతికాడు గానీ, ముత్తయ్య కాడెద్దులు రెండూ కొట్టుకుపోయాయి. నన్ను ఒక్క మాట అనలేదు. "దుక్కి ఆగింది సారూ" అన్నాడంతే. ఆయన ముఖం చూడటానికి నాకు మనసొప్పలేదు.

తర్వాత రెండేళ్లకు ఆ పాత మోడల్ కార్లనే శాఖ తీసేసింది. స్టోరులో దాచిన తెల్ల రంగు చక్రాల్లో ఒక్కటీ ఏ బండి కిందికీ వెళ్లలేదు. చివరకు అవీ తుక్కు వేలానికే వచ్చాయి. కూలీలు లారీలోకి విసురుతుంటే ఒక్కొక్కటీ ఖంగుమని మోగింది. వినలేక లోపలికి వెళ్లిపోయాను.

చక్రం ఏ బండిదో, బాగుందో లేదో తేలిస్తే గుర్తింపు పూర్తయినట్టేనని మా వృత్తిలో అనుకుంటాం. అది ఎవరికి పనికొస్తుందో కూడా తేల్చాలి. మా నిబంధనల్లో ఆ ప్రశ్న లేదు.