నీళ్ళు అడగని ఆదివారాలు

మా లెక్కల టీచరుగారు పోయారని నాకు మంగళవారం తెలిసింది. చిలకలూరిపేట బస్టాండులో, నాతో పదో తరగతి చదివిన అమ్మాయి కనబడి, "నీకు తెలియదా? మొన్న శనివారమేగా" అంది. అప్పటికే ఖననం కూడా అయిపోయింది. ఆవిడకు ఒక మాట చెప్పాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. సెలవులకు వెళ్దాం, ఉద్యోగం వచ్చాక వెళ్దాం అని వాయిదా వేస్తూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఊరికి ఎడంగా ఉండే క్రైస్తవుల పల్లె మాది. అమ్మా నాన్నా మిరప కోతలకూ పత్తి తీతలకూ పోతారు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. పదో తరగతిలో ఉండగా, కోతల రోజుల్లో నెలన్నర బడికి పోలేదు. ఎవరూ అడక్కుండానే టీచరుగారు ప్రతి ఆదివారం మధ్యాహ్నం బస్సుకు వచ్చి, సాయంత్రం ఆరింటి బస్సు దాకా మా ఇంట్లో కూర్చుని లెక్కలు చెప్పేవారు. నేను తప్పు చేసి రబ్బరు అందుకుంటే చెయ్యి పట్టుకునేవారు. "చెరపకు. గీత కొట్టి కింద చెయ్యి. ఎక్కడ తప్పావో నీకే కనబడాలి" అనేవారు.

మొదటి ఆదివారం అమ్మ టీ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి, చెంబెడు నీళ్ళు అడిగారు. గుమ్మం పక్కన రాయి మీద కూర్చుని చేతులు కడుక్కున్నారు. నోరు పుక్కిలించారు. ముఖం, మోచేతుల దాకా చేతులు, చివరికి పాదాలు. ఊళ్ళో ఆసాములు మాకు ఏదైనా ఇచ్చి, ఇంట్లోకి పోయేముందు చేతులు కడుక్కోవడం చూస్తూ బతికిన మనిషి మా నాయనమ్మ. "మన గ్లాసు మూతికి తగిలినందుకు పాదాల దాకా కడుక్కుంది చూడే మీ పంతులమ్మ" అంది, వినబడేట్టే.

టీచరుగారు ముఖం తుడుచుకుంటూ నవ్వబోయారు. నమాజుకు ముందు ఇలా కడుక్కోవాలనీ, దాన్ని వజూ అంటారనీ, తన ఇంట్లోనైనా ఇంతేననీ చెప్పారు. నాయనమ్మ ఊరుకుంది. నేనే ఊరుకోలేదు.

"కడుక్కునే ప్రతివాళ్ళూ ఏదో ఒక పేరు చెబుతారు టీచర్" అన్నాను.

ఆవిడ నావైపు చూశారు. పడమర ఎటని మాత్రం అడిగారు. చెయ్యెత్తి చూపించాను, అంతే.

తర్వాతి ఆదివారం నీళ్ళు అడగలేదు. ఆ తర్వాతా అడగలేదు. లెక్కల మధ్యలో వేళకి లేచి, చాప పరుచుకుని నమాజు చేసుకునేవారు. టీ మాత్రం ఒక్కసారీ వద్దనలేదు, గ్లాసు అడుగు దాకా తాగేవారు. మంచినీళ్ళిస్తే "ఇప్పుడొద్దమ్మా" అనేవారు. మార్చి ఎండకు పెదాలు ఎండిపోయి ఉండేవి. "చూశావా, నువ్వొక్క మాటనేసరికి బుద్ధొచ్చింది" అని నాయనమ్మ నన్ను మెచ్చుకుంది. నేనూ లోపల గర్వపడ్డాను.

తర్వాత గుంటూరు హాస్టల్లో నా గదిలో ఒక ముస్లిం అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ పంపిన సేమ్యా తిన్నా, మా అమ్మ పంపిన ఉప్పుచేప తిన్నా, నమాజుకు ముందు అలాగే పుక్కిలించేది. ఒకరోజు కడుక్కున్న కాసేపటికే మళ్ళీ కుళాయి దగ్గరికి పోతుంటే, ఇప్పుడేగా కడుక్కున్నావన్నాను. "దొడ్డికి వెళ్ళొస్తే వజూ పోతుంది. మళ్ళీ చేసుకోవాలి" అంది.

నాకు ఆ ఆదివారాలు గుర్తొచ్చాయి. మధ్యాహ్నం నుంచి బస్సు వేళ దాకా టీచరుగారు ఒక్కసారైనా లేచి బయటికి వెళ్ళడం నేను చూడలేదు. ఇంటి దగ్గరే వజూ చేసుకుని వచ్చి, మా చెంబు అడక్కుండా ఉండటానికి, ఆ వజూని అంతసేపూ కాపాడుకుంటూ కూర్చున్నారన్నమాట. ఆ సాయంత్రమే పోస్టు కార్డు కొన్నాను. రాయలేదు. తప్పు ఒప్పుకోవడానికి తగిన మాటలు దొరకలేదని నాకు నేనే చెప్పుకున్నాను. దొరకనిది మాటలు కాదు.

బుధవారం పర్చూరులో వాళ్ళింటికి వెళ్ళాను. టీచరుగారి చెల్లెలు ఎదురొచ్చారు. మా పల్లె పేరు చెప్పగానే పోల్చుకున్నారు.

"ఆ ఆదివారాలు పొద్దుటి నుంచి మా ఆపా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదమ్మా. ఎందుకే అంటే, పిల్ల పరీక్షలయ్యేదాకా అనేది. ఇంకేం చెప్పేది కాదు."

నేను అప్పుడన్న మాట ఆవిడకు చెప్పేశాను. మెత్తబరచకుండా, అదే మాట. మసీదు నుంచి అజాన్ వినబడింది. ఆవిడ లేచి పెరట్లోకి నడిచారు. వెళ్ళిపొమ్మన్నట్టో, రమ్మన్నట్టో తెలియక నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ నీళ్ళ తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని, చెంబు నావైపు చాపారు.

"నువ్వు పొయ్యమ్మా."

పోశాను. అరచేతులు, ముఖం, మోచేతులు. తర్వాత ఆవిడ పాదాలు ముందుకు చాపారు. వంగి పోశాను. నీళ్ళు ఆవిడ కాలివేళ్ళ సందుల్లోంచి జారి, ఇటుకల మధ్య దారి చేసుకుంటూ, గోరింట చెట్టు మొదలు దాకా పోయి ఇంకిపోయాయి.