కోతి ఎత్తుకెళ్లిన బోల్టు

మా నాన్నగారు పోయాక ఆయన పాయింట్ టూ టూ రైఫిల్ నా పేరు మీదికి వచ్చింది. అన్నయ్యకు తుపాకీ అంటే భయం, చెల్లికి అసహ్యం. బళ్లో లెక్కలు చెప్పుకునే నాకు ఆ రెండూ లేవు కాబట్టి నేనే వారసురాలినయ్యాను. లైసెన్సులో కారణం దగ్గర ‘పంట రక్షణ’ అని ఉంటుంది. రెడ్డిగూడెం దగ్గరున్న మా మామిడితోట మీద కోతులు పడుతుంటాయి. కోతుల్ని కాల్చకూడదని మాకూ తెలుసు, లైసెన్సు ఇచ్చినవాళ్లకూ తెలుసు. కోతులకు కూడా తెలుసునని నా అనుమానం.

నాన్నగారు దాన్ని తోటలో ఒక్కసారే పేల్చారు, అదీ పైకి. కోతులు పక్కతోటలోకి వెళ్లి అరగంటలో తిరిగొచ్చాయి. మా గేదె మాత్రం రెండు పూటలు పాలివ్వలేదు. అప్పట్నించి ఆయన తుపాకీని పేల్చడం మానేసి, నెలకోసారి తుడవడం మొదలుపెట్టారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “ముందు ఖాళీగా ఉందో లేదో చూడమ్మా. నేను చూశానని చెప్పినా సరే, నువ్వు మళ్లీ చూడు,” అనేవారు. ఆయన నాకు చెప్పిన మాటల్లో నేను తు.చ. తప్పకుండా పాటించేది బహుశా ఇదొక్కటే.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించాలి. మొన్నటి ఎన్నికల తర్వాత ఇంటికి తెచ్చుకుని చూస్తే, పెన్సిలు కూడా దూరని ఆ గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. ఆదివారం పొద్దున్నే తిరువూరులోని మా ఇంటి డాబా మీద పేపరు పరిచి కూర్చున్నాను. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాను. వెనక ఉండే బోల్టును ఊడదీసి పేపరు మీద పెట్టాను. తూటా వెనక తలుపులా మూసుకునేది అదే. అది లేకపోతే రైఫిల్ ఉత్త గొట్టం. సన్నటి ఇత్తడి కడ్డీతో మట్టిని నెమ్మదిగా బయటికి తోసి, కిరసనాయిల్లో తడిపిన గుడ్డముక్కలు ఒకదాని తర్వాత ఒకటి పంపించాను. మొదటివి నల్లగా వచ్చాయి, తర్వాతవి తుప్పురంగులో.

మావారు కాఫీ తెచ్చి, “అవసరమా నీకిది? సరెండర్ చేసెయ్యరాదూ?” అన్నారు.

“ముందు మీ పాత స్కూటర్ సరెండర్ చెయ్యండి. అదీ కదలదు, ఇదీ పేలదు.”

ఆయన కాఫీ నా పక్కన పెడుతుండగానే పిట్టగోడ మీంచి ఓ గండు కోతి దూకింది. కాఫీ జోలికి పోలేదు. నూనెతో మెరుస్తున్న బోల్టును అందుకుని పక్కింటి వాటర్ ట్యాంకు ఎక్కి కూర్చుంది. నా చేతిలో రైఫిల్, ఎదురుగా కోతి.

“కాల్చు మరి,” అన్నారు మావారు.

“కాల్చేది దాని చేతిలో ఉంది కదండీ!”

అరటిపళ్లు విసిరాం. ఒక చేత్తో పండు, ఇంకో చేత్తో బోల్టు పట్టుకుని, డాబాల మీదుగా వెళ్లిపోయింది. అప్పటికి నవ్వు పోయింది. తుపాకీ భాగం పోతే పోలీసులకు చెప్పి తీరాలి. రైఫిల్ని బీరువాలో పెట్టి తాళం వేసి స్టేషన్‌కి వెళ్లాం.

హెడ్ కానిస్టేబుల్ కాగితం తీశాడు. “ఎక్కడ పోయిందండి?”

“పోలేదండి. తీసుకెళ్లింది.”

“ఎవరు?”

“కోతి.”

పెన్ను కింద పెట్టాడు. “టీచరుగారూ, కోతి అని రాస్తే పైవాళ్లు నన్నడుగుతారండి. గుర్తు తెలియని వ్యక్తి అని రాద్దామా?”

“వ్యక్తి కాదు కదండీ. పైగా గుర్తుపట్టగలను. ఎడమ చెవి చిరిగుంది.”

ఆయన నవ్వలేదు. “సాయంత్రం దాకా వెతకండి. దొరక్కపోతే మీరన్నట్టే రాద్దాం. దొరికినా వచ్చి చెప్పండి,” అన్నాడు.

ఎండలో ఇల్లిల్లూ తిరిగాం. తుపాకీ ముక్క అంటే జనం హడలిపోతారని, “కోతి ఇనపముక్కేమైనా పడేసిందా అండీ?” అని అడిగాను. మొదటి ఇంట్లో మజ్జిగ ఇచ్చారు. రెండో ఇంట్లో కోతుల మీద వాళ్ల ఫిర్యాదులన్నీ చెప్పారు. మూడో ఇంట్లో ఓ రిటైర్డ్ నర్సమ్మగారు లోపలికెళ్లి బోల్టును గుడ్డలో చుట్టి తెచ్చారు.

“ఇదేనా అండి? నా వడియాల మీద పడేసిపోయింది. మోటారుదేమో అనుకున్నాను. జిడ్డుగా ఉంటే సబ్బు పెట్టి తోమి, ఎండబెట్టాను.”

నీళ్లు తగలనివ్వద్దని నాన్నగారు ఎన్నిసార్లు చెప్పారో! అయినా ఆవిడ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాను. మోటారుదేనని అబద్ధమాడాను. దారిలో దాన్ని పర్సులో పెట్టబుద్ధి కాక గుప్పెట్లోనే పట్టుకున్నాను.

స్టేషన్లో దొరికిందని చెప్పేసరికి హెడ్ కానిస్టేబుల్ మొహం విప్పారింది. కోతికి దెబ్బలేమీ తగల్లేదు కదా అని మాత్రం అడిగాడు.

ఇంటికొచ్చి, ఈసారి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. బోల్టును పొడిగుడ్డతో తుడిచి, సందుల్లో తడి పోయేదాకా ఆగి, కుట్టుమిషను నూనె పల్చగా రాశాను. గొట్టంలోకి పంపడానికి గుడ్డముక్కలు అయిపోయాయి. మావారు తన పాత బనీను తెచ్చి, కత్తెర తీసుకుని నా ఎదురుగా కూర్చున్నారు. ముక్కలు ఒక్కటీ సమంగా రాలేదు. అన్నిటినీ వాడాను.