తలుపులు బార్లా తీసిన మా అత్త

మా నాయన చెల్లెలు, మా అత్త, మొన్న మంగళవారం చేజర్లలో పోయింది. "పాపం, మంచి మనిషి" అన్నాడు ఫోన్‌లో మా అన్న. ఆమె బతికుండగా "ఇంటి పరువు బజార్న పడేసిన ముసల్ది" అన్నది ఆ నోరే. చావు కబురుకి ఎంత మర్యాద వచ్చిందో!

నా కొడుకు ఇంటర్ తప్పిన ఏడు నా మీద చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టినాడు. ఆత్మకూరులో మా వీధిలో ఇట్లాంటి గొడవలకి ఒక పద్ధతి ఉండాది, మీకూ తెలిసే ఉంటది. ముందు తలుపేస్తారు, తర్వాత టీవీ సౌండు పెంచుతారు. లోపల తల్లి దెబ్బలు తింటా ఉంటే బయటికి సీరియల్ వినపడాల. పరువంట! థూ.

మా అన్న పెద్దమనిషి కదా, వైద్యం మొదలుపెట్టినాడు. వాణ్ణి ఉదయగిరి తీసకపోయి తాయెత్తు కట్టించినాడు. అది పనిచెయ్యకపోతే స్తంభానికి కట్టేసి బెల్టుతో బాదినాడు. ఆ దెబ్బలన్నీ తిరిగి నాకే వచ్చినాయి. చివరికి "పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడు, వింజమూరులో పిల్ల ఉండాది" అన్నాడు.

అప్పుడు వచ్చింది అత్త, చేజర్లలో తన గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి. "ఆ పిల్లేం పాపం చేసిందిరా, నీ చెల్లెలి దెబ్బల్లో ఆమెకి వాటా ఇచ్చేదానికి?" అని అన్నని కడిగేసింది. టీవీ ఆపి, తలుపులు బార్లా తీసింది. "నిన్ను కొట్టను రా మనవడా. నువ్వు చేసింది దాచను గూడా" అని వాడికి చెప్పి, నన్ను తనింటికి తీసకపోయింది.

కొన్నాళ్లకి వాడే వెతుక్కుంటా వచ్చినాడు. ముందు సంగటి పెట్టింది. తిన్నాక, ఏం చేసినావో చెప్పమంది.

"కోపమొచ్చింది అవ్వా."

"కోపం సంగతి అడగలా. చేతి సంగతి అడిగినాను."

వాడు చెప్పేదాకా ఆమె కదల్లా. ఆ తర్వాత వారం వారం నెల్లూరు బస్సెక్కించి మానసిక డాక్టరు దగ్గరికి తీసకపోయేది, బయట వక్క నములుతా కూర్చునేది. మా అన్నకి తాయెత్తు కడితే తప్పులేదంట, డాక్టరు దగ్గరికి పోతేనే పరువు తక్కువంట! మధ్యలో, మేము ఆత్మకూరుకి తిరిగొచ్చినాక, వాడు ఇంకోసారి చెయ్యెత్తినాడు. నేను బ్యాగు తీసుకుని చేజర్ల బస్సెక్కినాను. మళ్లీ వాడే వచ్చినాడు. నా బిడ్డని నాకు తిరిగిచ్చింది ఆమె. అందుకే ఆమె పోయిందనగానే ఏడుపు కంటే ముందు భయమేసింది, ఇంక వీడు ఎవరి మాట వింటాడని.

పాడె లేపేటప్పుడు మా అన్న నలుగురిలో "తల్లిని కొట్టిన చెయ్యి, పాడె ముట్టుకోబాక" అన్నాడు. చావింట్లో గూడా బుద్ధి పోనిచ్చుకోలా. నా కొడుకు పిడికిలి బిగిసింది. చూస్తా ఉండగానే విప్పినాడు.

"కొట్టినాను మామా, నిజమే" అన్నాడు, అందరికీ వినపడేటట్టు. "పక్కకి జరుగు. అవ్వకి ఎండ తగులుతా ఉండాది."

మా అన్న పక్కకి జరిగినాడు. వెనకవైపు వాడు భుజం పట్టినాడు. మిగతా ముగ్గురూ పొట్టోళ్లు. పాడె ఒరగకుండా, శ్మశానం దాకా మోకాళ్లు వంచి నడిచినాడు.