వదిన కోసం మెత్తబడిన కారు

మా వదిన పోయింది. పొద్దున్నే పాలు కాచి, కాఫీ తీసుకుని ఆమె గదిలోకి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టరు వచ్చి చూసి, తెల్లవారుజామున గుండె ఆగిపోయి ఉంటుందనీ, బాధ పడి ఉండదనీ చెప్పాడు. వెన్నునొప్పితో ఇన్నేళ్ళు నలిగిన మనిషి నొప్పి తెలియకుండా వెళ్ళిందంటే అదొక్కటే మాకు ఊరట.

ఆమె మా ఆయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. మార్కాపురంలో మా ఇంట్లోనే ఉండేది. ఆడబిడ్డతో ఒకే ఇంట్లో కాపురం ఎట్లా చేశావని నన్ను అడిగినవాళ్ళు చాలామంది. ఆమెతో ఉండడానికి నేను చేసిందేమీ లేదు. నా వంటింట్లోకి అడగకుండా వచ్చేది కాదు, వచ్చాక పని చేయకుండా వెళ్ళేది కాదు.

త్రిపురాంతకం అవతల, వాళ్ళు పుట్టిన ఊళ్ళో, ఆమెకు ఒక చేను ఉంది. పెళ్ళప్పుడు పసుపుకుంకుమ కింద వాళ్ళ నాయన ఇచ్చాడు. కంది, శనగ వేసేది. విత్తనం దగ్గర్నుంచి కుప్ప దాకా తనే నిలబడి చేయించేది. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఉడికే పప్పు ఆ చేనిదే. ఇంటి జమాఖర్చులు నేనే రాస్తాను. నూనె, బియ్యం, కరెంటు అన్నీ ఎక్కుతాయి. పప్పు సంగతి మాత్రం రాయనిచ్చేది కాదు. "తమ్ముడింట్లో ఉంటున్నా గానీ, తమ్ముడి తిండి తింటాలేను. అది రాసేది కాదమ్మాయ్," అనేది.

ఒక వానాకాలం ఆ చేని గట్టు మీదనే జారి పడింది. వెన్నుపూస ఒకటి చిట్లింది. ఒంగోలు డాక్టరు నడుముకు బెల్టు కట్టి, నడవొచ్చు గానీ కుదుపులు తగలకూడదన్నాడు. బస్సు వద్దు, ఆటో అసలే వద్దు. మా ఇంట్లో ఒక చిన్న కారుంది. లేచి తిరగగానే అందులో చేనికి బయలుదేరింది. నేనూ పక్కనే కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు మాట్లాడింది. వచ్చేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంటికి వచ్చాక చాలా రోజులు మంచం దిగలేదు.

ఆ చిన్న కారు స్వభావం ఎక్కినవాళ్ళకు తెలుసు. చక్రాలు చిన్నవి, ఒళ్ళు తేలిక, స్ప్రింగులు బిగువు. రోడ్డు మీద చింతగింజ ఉన్నా నడుముకు చెబుతుంది.

అప్పుడే చేను కౌలుకిచ్చే మాట వచ్చింది. పక్క చేనుగలాయన వాళ్ళకు చిన్నాయన వరస, నాకు చినమామ. ఆయన ఇంటికి వచ్చి మర్యాదగానే అడిగాడు. మా ఆయన కూడా, "ఇచ్చేద్దాంలే అక్కా, ఇంక నువ్వు తిరగలేవు," అన్నాడు. ఆయన తప్పు లేదు. విత్తనాల దుకాణం వదిలి కదిలేందుకు ఆదివారం ఒక్కటే ఆయనకు వీలు.

వదిన పడుకునే జవాబు చెప్పింది. "ఒక పంటకు ఇస్తే రెండో పంటకు నేను పోయి గట్టు మీద నిలబడితే చుట్టం మాదిరి చూస్తారు. మూడో పంటకు నువ్వెందుకొచ్చినావంటారు. కారు మెత్తబడాల, లేదంటే నేను గట్టిపడాల. రెండోది ఇప్పుడు అయ్యే పని కాదురా."

అట్లా కారు మెత్తబరచే పని మా ఇంటికి వచ్చింది.

మొదట చేసింది ఈ ఊరివాళ్ళు మాత్రమే చేయగలిగిన పని. పలకల ఊరు మాది. రాయికి కరువు లేదు. ఖాళీ జీపు ఎగిరిపడకుండా వెనక నాలుగు రాళ్ళు వేసుకుని తిరగడం ఇక్కడ డ్రైవర్లకు మామూలే. మా ఆయన స్నేహితుడొకాయన అదే సలహా ఇచ్చి, తన పాలిషింగ్ యూనిట్ నుంచి పలకరాయి బండలు తెచ్చి డిక్కీలో పేర్చిపోయాడు. తారు రోడ్డు మీద కారు నిజంగానే పెళ్ళివారి బండిలా సాగింది. వదిన మొహం విప్పారింది. తారు రోడ్డు దిగి చేని బాట పట్టాక మొదటి గుంతలోనే వెనక భాగం పూర్తిగా కూలబడి ఠప్పుమని కొట్టింది. బరువుకు స్ప్రింగులు అప్పటికే అణిగి ఉన్నాయి, ఇక దిగడానికి చోటు లేదు. వదిన రెండు చేతులతో నడుము పట్టుకుంది. బండలు అక్కడే గట్టు పక్కన దించేశాం. వాటి మీద కూలీలు కొడవళ్ళు నూరుకునేవాళ్ళు.

తర్వాత ఆ పని నేను తీసుకున్నాను. నాకు కారు గురించి తెలియదు. వంట తెలుసు. పులుసు కుదరనప్పుడు ఉప్పూ చింతపండూ కారమూ ఒకేసారి వేస్తే ఏది తప్పో ఎప్పటికీ తేలదు. అందుకని ఒక్కసారికి ఒక్కటే మారుద్దామన్నాను. సరే గానీ బాగుపడిందో లేదో ఎట్లా తెలుస్తుందన్నాడు మా ఆయన. "నా నొప్పి ఒకరోజుండే మాదిరి ఒకరోజుండదు. నీళ్ళు అబద్ధమాడవు," అని వదిన స్టీలు చెంబు నిండా నీళ్ళు పోసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చేను చేరేసరికి చెంబులో ఎన్ని మిగిలితే కారు అంత మెత్తబడినట్టు. మొదటిసారి చెంబు దాదాపు ఖాళీ, చీరంతా తడి. "బావి దగ్గరికి పోయొచ్చినట్టుండా," అన్నది.

గాలి సంగతి ముందు తేలింది. మా వైపు పంక్చరు దుకాణాల్లో టైరు రాయిలా అయ్యేదాకా గాలి కొడతారు. గట్టిగా ఉంటే బండి బాగా లాగుతుందని అందరి నమ్మకం. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు లోపలి పక్క అంటించిన కాగితం మీదే ఉంది. కొన్నప్పటి నుంచీ మేమెవరమూ చదవలేదు. దాని ప్రకారం తగ్గించాం. చెంబులో కాసిని నీళ్ళు మిగిలాయి. తర్వాత మెకానిక్ కారు మూల మీద రెండు చేతులతో నొక్కి వదిలాడు. ఒకసారి ఊగి ఆగవలసింది ఊగుతూనే ఉంది. షాకబ్జార్బర్లు పోయాయని మార్పించాం. ఇంకొన్ని మిగిలాయి. ఆ తర్వాత సీటు. మెత్తగా ఉండాలని నేను వేసిన మందపు స్పాంజి పరుపుకు వదిన కొప్పు పైకప్పుకు తగిలింది, పైగా గుంత వస్తే స్పాంజి మొత్తం అణిగి కింద గట్టిగా తగిలేది. అది తీసేసి, కింద కొబ్బరిపీచు దిండు, దాని మీద పాత చీరల బొంత వేశాను. అదీ కుదిరింది.

అయినా చేని బాటలో కల్వర్టు దగ్గర మాత్రం వదిన పెదవి కొరుక్కోవడం మానలేదు. చినమామ మళ్ళీ వచ్చి వెళ్ళాడు. ఈసారి వదిన వెంటనే కాదనలేదు. పంట చేతికొచ్చాక చూద్దాం అన్నది. ఆ మాట విని నాకు భయమేసింది.

ఆ వారం చేను దగ్గర అన్నాలు తినడానికి కూర్చున్నాం. మజ్జిగ గిన్నె మూత సరిగా పట్టదు. తీసి చూస్తే చుట్టూ కట్టిన గుడ్డ పొడిగా ఉంది. గిన్నె అంచుదాకా మజ్జిగ. వెనక వదిన ఒళ్ళో చెంబు తొణికింది, ముందు సీట్లో పెట్టిన గిన్నె తొణకలేదు.

అప్పుడు గానీ నాకు తట్టలేదు. కారు కొన్నప్పటి నుంచీ మా ఆయన డ్రైవరు సీట్లో, మేమిద్దరం వెనక, ముందు సీట్లో క్యారియరు. వెనక సీటు సరిగ్గా చక్రాల మీద ఉంటుంది. బస్సులో వెనక సీటు ఎగరేస్తుందని మా ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు. కారులో మాత్రం ఆ ఆలోచనే రాలేదు. ఎందుకంటే ఆ ముందు సీటు నాదని ఆమె, పెద్దదాన్ని వెనక వదిలి నేను ముందు కూర్చోకూడదని నేను. ఒకరికొకరం మర్యాద చేసుకుంటూ మంచి చోటును మజ్జిగకిచ్చాం.

ముందుకు రమ్మని బతిమాలాను. ఒప్పుకోలేదు.

"వాడి పక్కన నీ చోటు. ఊళ్ళో దిగితే అందరూ చూస్తారు. మరదల్ని వెనక పడేసి ఆడబిడ్డ ముందెక్కినాదంటారు."

"అననీ వదినా."

"నిన్ను అన్నా పడతావు. నేను పడను. నా మొగుడు పోయిన రోజు నుంచి ఇంకొకరి చోట్లో కూచోలేదు నేను."

ఆ మాట వెనక ఎన్నేళ్ళ జాగ్రత్త ఉందో ఆ ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలుసు.

ఆలోచించగా ఒక్కటే దారి కనిపించింది. డ్రైవింగు నేర్పమని మా ఆయనను అడిగాను. ఈ వయసులోనా అని నవ్వాడు గానీ, సాయంత్రాలు కాలేజీ గ్రౌండుకు తీసుకెళ్ళాడు. క్లచ్చు వదలడం రాక కారు కప్పలా గెంతేది. ఆయన అరిచేవాడు. వదిన గోడ నీడన కుర్చీ వేసుకుని చూసేది. ఒకసారి ఆయన దిగి విసవిసా నడిచిపోతే దగ్గరికొచ్చి, "వాని మాట ఇనొద్దు. బండి మాట ఇను. పాలు పొంగేది నీకు చప్పుడుతోనే తెలుస్తాది గదా, ఇదీ అంతే," అన్నది. ఆ మాటతోనే నాకు క్లచ్చు వచ్చింది.

లైసెన్సు వచ్చిన వారం, దుకాణం తెరిచి ఉండే రోజునే, మేమిద్దరం బయలుదేరాం. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఆమె వెనక తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"ఇప్పుడు నీ పక్క సీటు ఎవరిది?"

"ఎవరిదీ కాదు వదినా."

"అట్లయితే నేను కూచుంటా."

ఆ రోజు కల్వర్టు ఎప్పుడు దాటామో ఆమె గమనించలేదు. చేను గట్టున దిగి, చెంబు ఎత్తి గటగటా తాగింది. "దప్పిక తీరేటన్ని మిగిలినాయి," అన్నది. అంతే. చినమామకు ఆ సాయంత్రమే చెప్పేసింది, చేను ఇవ్వడం లేదని.

కారు పూర్తిగా మెత్తబడిందని చెప్పను. నొప్పి ఆమెను విడిచిపెట్టలేదు. పక్కన కూర్చున్న ఆమె ఊపిరిని బట్టి ఏ చక్రం గుంతలో పడిందో నాకు తెలిసిపోయేది. కానీ ఓర్చుకోగలిగినంతకు దిగింది, దానితో ఆమె మరి కొన్ని పంటలు తీసింది. దారిలో గుంతలకు, స్పీడు బ్రేకర్లకు పేర్లు పెట్టింది. ఒకదాని పేరు మేనత్త. "మేనత్త వస్తాంది, మర్యాదగా పో," అనేది. మెల్లగా ఎక్కి దిగే ఒకటి పెళ్ళికూతురు. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వస్తే నేను హారను మీద చెయ్యి వేసేదాన్ని. "వాటికి లేని తొందర మనకెందుకు," అని అద్దం దించి, మంద వెనక వచ్చే ఆమెతో వాన గురించి, మేత గురించి మాట్లాడేది. మంద దాటిపోయినా మాటలు అయ్యేవి కావు.

చేలో నా భుజం పట్టుకుని సాళ్ళ వెంట నడిచేది. ఆకు తిప్పి అడుగు చూసేది. చూసి ఊరుకోక నా చేతికిచ్చి, నువ్వు చెప్పు, పురుగుందా లేదా అని అడిగేది. తప్పు చెబితే నవ్వేది. నాకెందుకు వదినా ఇవన్నీ అంటే, "ఊరికే. బండి నేర్చినదానివి," అనేది. ఒకప్పుడు తనను చూడ్డానికి పత్తికొండ నుంచి వచ్చిన పెళ్ళివారి ముచ్చట్లు చెప్పినట్టే, ఏ మూలన నీరు నిలుస్తుందో, ఏ సాలు ముందు ఎండుతుందో తీరిగ్గా చెప్పేది. నేను వింటూ ఉండేదాన్ని. గుర్తుంటుందనుకోలేదు.

పెద్దదినం అయ్యాక చినమామ మళ్ళీ వచ్చాడు. ఆమె మంచితనం చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ తర్వాత, కంది కోతకొచ్చిందనీ, కోయించే మనిషి లేడు గనుక నిలువు పంటతో సహా తాను చూసుకుంటాననీ అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆయనకు దుకాణం, అక్క పోయిన దుఃఖం.

"మేమే కోయిస్తాం చినమామా. ముందర తూర్పు సాళ్ళు ఎండుతాయి, రేపు అటునుంచి మొదలు పెట్టాల," అన్నాను.

ఆయన లేచి నిలబడి, "సరేలేమ్మా, కూలోళ్ళకు నేను చెప్తా," అన్నాడు.

మర్నాడు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఈ ఏడు కంది మనిషిని మించి ఎదిగింది. గట్టు మీద నిలబడితే ఎదురుగా ఎండు కాయలు తప్ప ఏమీ కనబడలేదు. గాలి కదిలినప్పుడల్లా చేనంతా గలగలమనేది. కూలీలు తూర్పు నుంచి కోయడం మొదలుపెట్టారు. ఒక్కో సాలు వాలుతుంటే అవతల నల్లమల కొంచెం కొంచెం బయటపడింది. మొదట కొండ కొసలు, తర్వాత నీలంగా వాలు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొండ పాదం దాకా. కోసిన మోళ్ళ మధ్య పిట్టలు దిగి, రాలిన గింజలు ఏరుకుంటూ అటు కొండ వైపే నడుస్తున్నాయి.