అంజయ్యన్న ఏలిన గోంగూర మడి

ఖమ్మం అంజయ్యన్న ఏనాడూ కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కాడు. కుర్రతనంలో పార్టీ క్లాసులకు పోయి పాఠాలు విన్నవాడు, అంతే. ఆ పాఠాల్లో పార్టీ సోవియట్‌ను ఏలింది, చైనాను ఏలింది, తెలుగునాట మాత్రం గద్దెనెక్కలేదు. ఆ వెలితి ఆయన్ని అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్ దాకా వెంటాడింది. ఇక్కడ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యాక, మా తెలుగువాళ్ళం కలిసి అద్దెకు తీసుకున్న కూరగాయల తోటకు సెక్రటరీ అయ్యాడు. ఇంకేం, పార్టీ అధికారంలోకి వచ్చింది.

మొదటి మీటింగ్‌లోనే సొంత మడులు రద్దు. అంతా ఉమ్మడి.

"డిస్కస్ చేద్దాం. డిసైడ్ అయినంక మాత్రం అందరూ చెయ్యెత్తాలె, వద్దన్నోళ్ళు కూడా," అన్నాడు.

ఎత్తాం. ఆయనతో వాదించడం కంటే అదే సులువు.

నీళ్ళు పోయడానికి ఒక కమిటీ వేశాడు. దాని మీద నిఘాకు ఇంకొకటి. నీళ్ళు మాత్రం ఎవరూ పోయలేదు. వంకాయలు వాడిపోతుంటే ఆయన పాలక పార్టీ చారిత్రక పాత్ర మీద ఉపన్యాసం ఇచ్చాడు. టమాటాలు కూడా ఎండాయి. ఉపన్యాసం ఆగలేదు.

గోంగూర ఒక్కటే పచ్చగా ఉంది. ఆయన భార్య గిరిజక్క రోజూ వచ్చి తడుపుతోంది. మిషిగన్ వేసవి ఎంతలో పోతుంది! ఈ మడి పోతే మళ్ళీ ఏడాది దాకా ఆమెకు గోంగూర లేదు. అంజయ్యన్న మాత్రం "సొంత మడి మోజు" అని ఆమెను తోటలోంచి తీసేయమని తీర్మానం పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా చెయ్యెత్తాను, సిగ్గులేని చెయ్యి. గిరిజక్క కూడా ఎత్తింది.

"నువ్వెందుకే?" అన్నాడు అంజయ్యన్న.

"అందరూ ఎత్తాలన్నరు గదా!"

వెంటనే తోటలో మాతోపాటు సభ్యుడైన శశికాంత్ లేచాడు. "అన్నా, నన్ను కూడా రిమూవ్ చేయండి." అందరం చేతులెత్తాం. తర్వాత నన్నూ తీసేయమని నేను లేచాను. ఆ తర్వాత వరస కట్టారు. ప్రతివాడూ తన బహిష్కరణకు తనే ఉత్సాహంగా చెయ్యెత్తి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి గోంగూర తలలు వాల్చింది. గిరిజక్కా నేనూ కంచె బయట నిలబడి చూస్తున్నాం. ఆమె కళ్ళనిండా నీళ్ళు. లోపల అంజయ్యన్న ఒక్కడే మీటింగ్ పెట్టాడు. సెక్రటరీని తీసేయాలని తీర్మానం చదివాడు. తనే అడ్డం తిరిగాడు, తనే సర్దిచెప్పుకున్నాడు. ఆఖరికి చెయ్యెత్తాడు. ఏకగ్రీవం.

అప్పుడు వెళ్ళి పైపు తెచ్చుకున్నాడు.

గిరిజక్క కంచె దాటి లోపలికి నడిచింది. "ఆకుల మీద కాదు, మొదట్ల పొయ్యండి," అంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆమె మాట మీద చర్చ పెట్టకుండా వంగింది అప్పుడే.